పావు శేరు నెయ్యి

అన్నదమ్ముల తగాదా అనగానే పొలం గట్లూ ఇంటి వాటాలూ గుర్తొస్తాయి. ప్రేమ్‌చంద్ కథలో మాత్రం ఆ తగాదా పావు శేరు నెయ్యి దగ్గర మొదలవుతుంది. 1910లో వచ్చిన ఆ కథ పేరు 'బడే ఘర్ కీ బేటీ'. అంటే పెద్దింటి అమ్మాయి.

గౌరీపూర్‌లో బాగా బతికి చితికిన జమీందారు కుటుంబం అది. పెద్దకొడుకు శ్రీకంఠ్ బీఏ చదివి ఉద్యోగం చేస్తుంటాడు. శనివారం వస్తేనే ఇంటికి రావడం. ఉమ్మడి కుటుంబమంటే ప్రాణం. వేరు కాపురం మాటెత్తితే ఒప్పుకోడు. తమ్ముడు లాల్‌బిహారీకి చదువు అబ్బలేదు. పిల్లవాడు మొరటు, కానీ అన్నంటే భక్తి.

ఓ మధ్యాహ్నం లాల్‌బిహారీ రెండు పిట్టల్ని తెచ్చి వండమన్నాడు. శ్రీకంఠ్ భార్య ఆనంది ఉన్న నెయ్యంతా మాంసంలోనే వేసేసింది. ఇక పప్పులోకి లేదు. మరిది పుట్టింటిని ఎత్తిపొడిచాడు. కలిగినింటి పిల్ల, ఆమె ఊరుకుంటుందా? మాటకు మాట అంది. అతను కాలి పావుకోడు తీసి విసిరాడు. చెయ్యి అడ్డుపెట్టడంతో తల తప్పింది, వేలికి దెబ్బ తగిలింది.

శనివారం భర్త రాగానే ఆనంది ఏడుస్తూ అంతా చెప్పింది. ఇక ఈ ఇంట్లో తమ్ముడైనా ఉండాలి, తానైనా ఉండాలి అన్నాడు శ్రీకంఠ్. వేరు కాపురాలు వద్దని ఊరందరికీ చెప్పే మనిషే ఆ మాటన్నాడు!

గుమ్మం దగ్గర నిలబడి తమ్ముడు విన్నాడు. అన్న పిలిచి నాలుగు దెబ్బలు కొట్టినా అంత బాధపడేవాడు కాదు. మొహం కూడా చూడననడమే తట్టుకోలేకపోయాడు. వదినకు చెప్పుకుని, తప్పు మన్నించమని ఏడుస్తూ బయల్దేరాడు.

అప్పటికే ఆనంది మనసు కరిగింది. తన ఫిర్యాదు ఇంతదూరం వెళ్తుందని ఆమె అనుకోలేదు. భర్తకు చెప్పిచూసింది. ఆయన కదల్లేదు. చివరికి తనే బయటికొచ్చి మరిది చెయ్యి పట్టుకుని, ఒట్టుపెట్టి ఆపింది. తన మనసులో ఏమీ లేదంది. అప్పుడు శ్రీకంఠ్ లేచొచ్చి తమ్ముణ్ని కౌగిలించుకున్నాడు. ఇద్దరూ భోరున ఏడ్చారు.

కథలో ఎవరిది తప్పో ఎవరూ తేల్చలేదు. నేతి లెక్కా తేలలేదు. దెబ్బ తిన్నది ఆనంది. కోపం పట్టుకుని కూర్చున్నది శ్రీకంఠ్. మన ఇళ్లల్లోనూ ఇంతే. భార్య తరఫునో, బిడ్డల తరఫునో తెచ్చుకున్న కోపం ఓ పట్టాన దిగదు. తగ్గితే మనవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుందని భయం. అసలు దెబ్బ తిన్నవాళ్లు మరిచిపోయినా మనం మరవం. అందుకే ఆనంది ముందు బయటికి రావాల్సి వచ్చింది. ఆమె క్షమించాకే అన్నకు దారి దొరికింది.

మాటలు లేని అన్నదమ్ములున్న ఇంట్లో ఒక్కసారి అడిగి చూడండి... దెబ్బ ఎవరికి తగిలింది, కోపం ఎవరు మోస్తున్నారు అని. గాయం ఎప్పుడో మాని ఉండొచ్చు. గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకునే మనిషే కరవై ఉండొచ్చు.