మట్టి లెక్క

మట్టి చవుక వస్తువని పలువురి భావన. బంగారమును గురివిందగింజలతో తూచిన లోకము మట్టిని మాత్రము కంటిచూపుతోనే కొలుచును. “పది బండ్లు చాలును” అని ఒకడు, “ఇరువది పట్టును” అని మరియొకడు చెప్పుట ప్రతి ఊరను వినవచ్చును. తప్పిన అంచనాకు మూల్యము చెల్లించువారు మాత్రము ఎవరో ఒకరు ఉండనే ఉందురు.

వాన కురిసినంతనే నీరు నిలుచు ఒక పాఠశాల ఆవరణమును ఉదాహరణముగా గైకొనుడు. దాని పొడవు 30 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. పల్లము అంతటను ఒకే తీరున ఉండదు. సమమట్టముగా దారము కట్టి ఐదు చోట్ల కొలువగా లోతులు 5, 10, 15, 20, 25 సెంటీమీటర్లుగా తేలినవనుకొనుడు. మిక్కిలి లోతైన చోటిని నమ్మినచో 150 ఘనమీటర్ల మట్టి కావలెను. మెరకచోటిని నమ్మినచో 30 చాలును. ఐదు కొలతలను కలిపి ఐదిట భాగించినచో సగటు 15 సెంటీమీటర్లు. పట్టు మట్టి 90 ఘనమీటర్లు.

ఇట్లు పలుచోట్ల కొలిచి సగటును గైకొనుమని భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’లో, గోతుల గణితమును చెప్పుచోట, బోధించెను. గోతుల లెక్కకు ఒక అధ్యాయమునే కేటాయించిన మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహము’ను పావులూరి మల్లన తెనుగు చేసెను.

అయినను 90 ఘనమీటర్లు తెప్పించినంతమాత్రమున పని ముగియదు. త్రవ్విన మట్టి గుల్లయై పొంగును. తడిపి దిమ్మిస కొట్టినచో అణగును. ఎంత అణగునో ఆ మట్టినే అడుగవలెను. 50 సెంటీమీటర్ల లోతుగల పెట్టెను గుల్లమట్టితో నింపి, తడిపి, దిమ్మిస కొట్టగా అది 40కి దిగెననుకొనుడు. నాలుగు పాళ్ల గట్టినేలకు ఐదు పాళ్ల గుల్లమట్టి కావలెనన్నమాట. అప్పుడు తోలింపవలసినది 112.5 ఘనమీటర్లు. లోపలి పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు అరమీటరు గల ట్రాక్టరు తొట్టి 3 ఘనమీటర్లు పట్టును. కావున 38 తడవలు తోలవలెను.

కుప్పగా పోసిన గరుసును కొలుచుటకు భాస్కరుని ధాన్యరాశి సూత్రము పనికివచ్చును. చుట్టుకొలతలో ఆరవవంతును వర్గము చేసి ఎత్తుచే గుణింపవలెను. చుట్టుకొలత 12 మీటర్లు, ఎత్తు 1.2 మీటర్లు అయినచో 4.8 ఘనమీటర్లు వచ్చును. నేటి గణితము ప్రకారము అది సుమారు 4.6, భేదము ఇంచుమించు ఇరువదవవంతు మాత్రమే.

ఈ లెక్కలో కూలివాని కూడు కూడ ఇమిడియున్నది. మట్టిపని చేయువారు గోతి నడుమ గడ్డితో కూడిన ఒక దిమ్మెను త్రవ్వక విడుతురు. పూర్వము నేల ఎంత ఎత్తున నుండెనో అది సాక్ష్యము చెప్పును. దానినిబట్టి లోతు కొలిచి కూలి కట్టుదురు. గోతిలోని గట్టినేల, తొట్టిలోని గుల్లమట్టి, ఆవరణములోని దిమ్మిసమట్టి: ఒకే మట్టికి ఇవి మూడు పరిమాణములు. తొట్టి కొలతకు ధర ఒప్పుకొని, ఆవరణములోని 90 ఘనమీటర్లకే సొమ్మిచ్చిన యజమాని 22.5 ఘనమీటర్ల శ్రమను ఊరక పొందినవాడగును. అతడు మోసము తలపెట్టకపోయినను నష్టము నష్టమే. కావున ఏ కొలతకు ఏ ధరయో పనికి ముందే నిశ్చయించుకొనవలెను.

ఇందులకు కావలసినవి ఒక దారము, ఒక కొలబద్ద, ఒక పెట్టె, కొంత ఓపిక. కొలత సరిగానున్నచోట పాఠశాల ధనమును, కూలివాని శ్రమయు వృథ కావు. తొలకరి వానకు ఆవరణమున నీరు నిలువదు.