అలమారలో పెట్టిన ఆట

పిల్లవాని చేతినుండి ఆటవస్తువును మీరెప్పుడైన లాగుకొంటిరా? నేను లాగుకొంటిని. అది 2011 మే నెల.

మా చెల్లెలు తన కుమారుని వేసవి సెలవులకు మా యింట విడిచి వెళ్లెను. వాని తండ్రి పోయి అప్పటికి సంవత్సరము కాలేదు. వానికి పదకొండేండ్లు. పిలిచితే పలుకడు. అన్నము ముందు కూర్చుండియు పీఎస్‌పీ అను చేతియంత్రమును వదలడు. అందులో డబ్ల్యూడబ్ల్యూఈ ఆల్ స్టార్స్ అను కుస్తీ ఆట; ఆ మార్చి నెలలోనే అమెరికాలో వెలువడగా అక్కడనున్న వాని పినతండ్రి పంపెను.

“కొట్టుకొనుట చూచి ఏమి నేర్చుకొంటావురా?” అని కసరి, యంత్రమును అలమారలో పెట్టి తాళము వేసితిని. వాడు ఏడ్వలేదు. ఏడ్చినను బాగుండెడిది.

ఆ రాత్రి నిద్రపట్టక, అందులో నింతగా ఏమున్నదో చూతమని బయటికి తీసితిని. 4.3 అంగుళముల తెర. వెనుక మూతలో 60 మిల్లీమీటర్ల చిన్న పళ్లెము. ఆట అంతయు దానిలోనే. నేనెరిగిన కుస్తీ ఇసుకలో ఒకరి నడుము నొకరు పట్టుకొని తిరుగునది. ఇది అట్లు కాదు. మనుష్యుల కండలు బస్తాలవలె ఉబ్బియుండును. విసిరివేయబడినవాడు బంతివలె పైకి లేచును. వాడు దిగక ముందే మరల కొట్టవచ్చును. ఆండ్రీ ది జెయింట్ అను మహాకాయుడు 1993లోనే మరణించెను, ఇక్కడ నేటి యువకులతో పోరాడుచున్నాడు. కుస్తీ అనుటకంటె తిరునాళ్లలోని గారడి అనుట మేలు. అయినను, దాచనేల, బొటనవ్రేళ్లు నొచ్చువరకు ఆడితిని. ప్రతిసారి ఓడితిని.

తల యెత్తగా వాడు గుమ్మములో నిలిచియుండెను. సిగ్గుతో నాకు మాట రాలేదు. వాడు దగ్గరకు వచ్చి మెల్లగా, “మామయ్యా, ఆ మీట ముందే నొక్కేస్తున్నావు. వాడు కొట్టబోయేటప్పుడే నొక్కాలి. అప్పుడు దెబ్బ తప్పుతుంది” అనెను. మా యింటికి వచ్చిన తరువాత వాడు అన్ని మాటలు ఒక్కసారి పలుకుట అదే మొదలు.

మరునాటినుండి సాయంకాలము ఒక గంట ఆట. యంత్రము ఒక్కటే గనుక ఒకరి తరువాత ఒకరము. చెల్లెలు ఫోనులో అడుగగా “అలమారలో పెట్టేశాను” అంటిని. అది అబద్ధము; తరువాత ఒప్పుకొంటిని.

ఆ నెల 20వ తేదీన రాండీ సావేజ్ అను మల్లుడు ఫ్లోరిడాలో కారు నడుపుచుండగా మరణించెనని వార్త వచ్చెను. అతనికి 58 ఏండ్లు. అతడును మా ఆటలోనివాడే. పిల్లవాడు చాలసేపు ఊరకుండి, “ఇప్పుడు ఆటలోంచి తీసేస్తారా?” అని అడిగెను. పళ్లెముమీద ఒకసారి ఎక్కినదానిని తీయుట ఎవరి తరము కాదని చెప్పితిని.

అప్పుడు వాడు తండ్రినిగూర్చి మాటలాడెను. సావేజ్ పై త్రాటి మీదనుండి మోచేయి చాచి దూకునట్లు, ఆయన మంచముమీదనుండి దూకి చూపెనట. మంచపుకోడు విరిగినదట. “అమ్మ తిట్టింది చూడు, ఇద్దర్నీ” అని నవ్వెను. నవ్వుచునే ఏడ్చెను. ఓదార్పు మాటలు నాకు చాల తెలియును, ఒక్కటియు అనలేదు. వాని ప్రక్కన కూర్చుంటిని.

ఆ ఆటను వెలువరించిన టీహెచ్‌క్యూ సంస్థ 2013లో విచ్ఛిన్నమాయెను. యంత్రపు బ్యాటరీ ఉబ్బి పాడైనది. వాడు ఇప్పుడు ఉద్యోగస్థుడు. పళ్లెమును మాత్రము నా దగ్గరనే ఉంచమనెను. అలమారలో నున్నది, తాళము వేయుట లేదు.