పోపు లేని పులుసు

నూనె కాగకుండ, ఆవాలు చిటపటలాడకుండ, ఒక వంట పూర్తియైనదని చెప్పుటకు మనుష్యునకు ధైర్యమెట్లు వచ్చునో నాకు బోధపడదు. ఈ మిలాను నగరమున వేసవి ముదిరినదనగానే మినెస్త్రోనె యను కూరగాయల పులుసును వండి, చల్లార్చి, చల్లగనే తినుట పరిపాటి. మొన్న మా పొరుగింటి అవ్వ నన్ను దగ్గర నిలుపుకొని దానిని చేయించి, గిన్నెలో పోసి “అయినది, తిను” అన్నప్పుడు, కరివేపాకు కొరకు నా కన్నులు వంటయింటి నలుమూలలను వెదకినవి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఆ వంటలో శ్రద్ధకు లోపము లేదు. రాత్రి నానవేసిన బొర్లోత్తి చిక్కుడు గింజలను మెత్తబడువరకు ఉడికించి, ఉల్లి, క్యారెట్, సెలెరీ కాడలు, బంగాళాదుంప, జుకినీ, టమాటాలను గోరంత ముక్కలుగా తరిగి చేర్చి, సన్నని సెగమీద గంటకు పైగా ఉంచి, చివరన గుప్పెడు బియ్యము వేయుదురు. పంది కొవ్వు వేయుట ఇక్కడి వాడుక. నా నిమిత్తము అవ్వ మానినది. దూడ పొట్టనుండి తీసిన రెన్నెట్ లేనిదే పర్మిజానొ జున్ను తయారు కాదు గనుక దానిని నేనే వలదంటిని. దించిన పిదప గది చల్లదనమే చాలును. బియ్యము పులుసును పీల్చి, చెంచా నిలువుగా నిలుచునంత చిక్కబరచును. అప్పుడు తులసికి చుట్టమైన బాసిల్ ఆకులు తుంచి వేసి, పైన ఆలివ్ నూనె పోయుదురు. పచ్చి నూనె! దాని పరిమళము దివ్యమే, కాదనను. కాని పొయ్యి అక్కడనే యున్నది, గరిటె చేతికందు దూరమున నున్నది, ఐనను కాచరు.

1855లో లివోర్నో పట్టణమున మినెస్త్రోనె తిని, ఆ రాత్రి కడుపునొప్పితో బాధపడిన పాకగ్రంథకర్త పెల్లెగ్రీనో ఆర్తూసి, నేరమంతయు ఆ పులుసుపై మోపి ఫ్లోరెన్సు చేరి, ఊరిలో ప్రబలినది కలరా యని, తనకు బస యిచ్చిన గృహస్థు దానికే బలియైనాడని తరువాత తెలిసికొనెను. ఆ ముచ్చటను 1891లో వెలువరించిన తన పాకగ్రంథమున తానే వ్రాసికొనెను. పులుసు నిర్దోషి యని నేనును ఒప్పుకొందును. పోపు మాట మాత్రము ఆయనయు ఎత్తలేదు.

పట్టుదల కొలది మరునాడు అవ్వకు పచ్చిపులుసు చేసి చూపితిని. చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, ఉప్పు నలిపి, నువ్వుల పొడి, ఇంత బెల్లము కలిపి, పొయ్యి యెక్కనీయకయే చేసి, పైన జీలకర్ర పోపు పెట్టితిని. నిప్పు మొగము చూడని పులుసునకు సైతము పోపు పెట్టిన వారము మనము! అవ్వ దానిని గ్లాసెడు గటగట త్రాగి, కన్నీరు తుడుచుకొని, “బాగున్నది, ఇక భోజనమేది?” అనెను. ముద్దపప్పు, అన్నము లేనిదే పచ్చిపులుసు నిలువజాలదు గదా. నా పోలిక అక్కడనే కుంటుపడినది.

మినెస్త్రోనెకు సరిజోడు జనగామలో మా అమ్మమ్మ పెట్టిన జొన్నగటక. వేసవి సెలవులలో మానుకోటనుండి కాజీపేట మీదుగా రైలులో వచ్చిన మా కొరకు, ఆమె జొన్నలను రవ్వగా విసరి, కుండలో ఉడికించి, రాత్రంతయు చల్లారనిచ్చి, తెల్లవారి సల్ల పోసి, “ఎండల తిరుగకు బిడ్డా, సల్లగ తిను” అనెడిది. భూపాలపల్లి సింగరేణి గనిలో పనిచేయు మా మేనమామ, సెలవునాడు వచ్చినచో, బొగ్గు మరక వదలని గోళ్ళతో ఉల్లిగడ్డను గుద్ది చీల్చి, పెద్ద పాయ నాకిచ్చి, చిన్నది తాను కొరుకుచు, రెండు గిన్నెల గటక మాట లేకుండ ముగించెడివాడు.

గటకకు పోపేదని కొందరు పాఠకులు నన్ను నిలదీయుదురని యెరుగుదును. ప్రక్కన మానుకోట మిరపకాయలు నూరిన కారముండెడిది. పైగా, మా అమ్మమ్మ అందులో పచ్చి నూనె పోయలేదు.