గాల్వెస్టన్ రేవులో ముందు వరుస



అమెరికాలో నున్న బిడ్డల యొద్దకు పోయినవారు అచట విహారనౌక నెక్కి నాలుగు దినములు సముద్రముపై తిరిగి వచ్చుట ఈ మధ్య మన కుటుంబములలో వాడుకయైనది. మన విశాఖపట్టణమున గూడ 2023 సెప్టెంబరులో విహారనౌకల కొరకు ప్రత్యేకముగ నొక రేవుభవనమును తెరచిరి గనుక, ఇకమీదట నీ ముచ్చట మన యిండ్లలో మరింత వినబడవచ్చును. నేను తిరిగి వచ్చినది మొదలు నన్ను చూడవచ్చినవారందరును సముద్రమును గూర్చి కొంత, భోజనమును గూర్చి కొంత యడిగి, తుదకొక ప్రశ్నకు వచ్చుచున్నారు: "టిక్కెట్టు సొమ్ము సరే, అందరికంటె ముందుగా ఎక్కించుటకు వేరే సొమ్ము పుచ్చుకొంటారట గదా, అది ఇయ్యవచ్చునా?" దీనికి ఔననియు కాదనియు ఒక్క మాటలో చెప్పలేక, జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాను.

మా అమ్మాయి కాపురము హ్యూస్టను నగరమున. మొన్నటి జనవరిలో సంక్రాంతి వెళ్లిన వారమున మేమైదుగురము ఓడ ప్రయాణమునకు సిద్ధపడితిమి. అమ్మాయి, అల్లుడు, ఆరేండ్ల మనుమరాలు ఒక గదిలోను, నేనును మా అత్తగారును వేరొక గదిలోను ఉండునట్లు ఏర్పాటు. మావారికి సముద్రమనిన కడుపులో త్రిప్పును గనుక వారు హ్యూస్టనులోనే యుండిరి. మా అత్తగారికి ఎనుబదిరెండేండ్లు. మోకాళ్లు ఏనాడో మొరాయించినవి గాని ఆమె పట్టుదల మాత్రము చెక్కుచెదరలేదు. హైదరాబాదునుండి వచ్చునప్పుడు విమానాశ్రయమున చక్రముల కుర్చీ నిత్తుమని ఎందరు చెప్పినను వినక, "నేనింకా నడుస్తూనే ఉన్నాను, నన్నెవరూ తొయ్యనక్కరలేదు" అని కర్ర పట్టుకొని నడచిరి. వచ్చిన పిదప వారము దినములు కాళ్లవాపుతో మంచము దిగలేదు.

మా అమ్మాయి దీనిని చూచి ఒక యుపాయము చేసినది. ఓడలోనికి ముందుగా ఎక్కుటకును, ఎక్కగనే గదిలోనికి పోవుటకును, సామాను త్వరగా చేర్చుటకును, దిగవలసిన చోట ముందు పడవలో దిగుటకును గదికి నూరు డాలర్లు తీసుకొని ఒక చీటి నిత్తురు. మన సొమ్ములో ఎనిమిది వేల పైమాట. కొన్ని కంపెనీలు దీనిని గదికింతయని, కొన్ని మనిషికింతయని అమ్మును. ఓడను బట్టి, దినములను బట్టి వెల మారును. అమ్మాయి మా గదికి మాత్రము దానిని కొన్నది. కుర్చీ యనిన ఒప్పుకొనని నాయనమ్మ, ముందు వరుస యనిన ఒప్పుకొనునని దాని ఆలోచన. తిరుమలలో మూడువందల రూపాయల దర్శనము టిక్కెట్టు వంటిదని చెప్పగా అత్తగారికి వెంటనే బోధపడినది.

ఓడ బయలుదేరునది గాల్వెస్టన్ ద్వీపమునుండి. హ్యూస్టనునకు ఏబది మైళ్ల దూరము. మేము ముందటి దినముననే పోయి అచట రాత్రి బస చేసితిమి. చూడదగిన ఊరు. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపాను ఒక్క రాత్రిలో ఈ యూరిని తుడిచిపెట్టెను. చనిపోయినవారు ఎనిమిది వేలమంది యని చెప్పుదురు; అమెరికా చరిత్రలో ప్రకృతివలన అంత ప్రాణనష్టము మరియెన్నడును జరుగలేదట. దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు ఆ మాట వినగనే గుండె చివుక్కుమనును. మిగిలినవారు ఊరు విడిచి పోలేదు. సముద్రమునకు ఎదురుగా పదునేడడుగుల ఎత్తు గోడను కట్టిరి. ఇండ్లను యంత్రములతో పైకెత్తి, అడుగున ఇసుక నింపి, ఊరినంతను మెరక చేసిరి. ఇల్లు గాలిలో నిలిచియుండగా ఆ యింటి యిల్లాలు పొయ్యి యెట్లు రాజవేసినదో గదా యని నాకు తోచినది. ఆ గోడ నేడు పది మైళ్లకు పైగా సాగియున్నది. దానిపై సాయంకాలము నడచితిమి.

ఆ పూటనే బొలివర్ అను ఎదుటి యొడ్డునకు కార్లతో సహా మనుష్యులను దాటించు పడవ నెక్కితిమి. దానికి రుసుము లేదు. ముందు వచ్చినవారు ముందు, వెనుక వచ్చినవారు వెనుక. కోటీశ్వరుని కారైనను కూరలబండియైనను వరుసలోనే నిలువవలెను. సముద్రపు పక్షులు మా తలలపై కేకలు వేయుచు వెంటవచ్చినవి. అత్తగారు కారులోనుండియే చూచి, "రేపటి ఓడ ఎలా ఉంటుందో గానీ ఇది బాగుంది" అనిరి.

తెల్లవారి లేచి కిటికీ తెర తీయగా సముద్రము లేదు. గోడ లేదు. ఎదుటి దీపస్తంభము లేదు. అంతయు పాలు ఒలికినట్లు పొగమంచు. చలికాలమున నీ తీరమున ఇది తరచు జరుగునట. అఖాతము మీది వెచ్చని తేమగాలి ఒడ్డు దగ్గరి చల్లని నీటిపైకి వచ్చినపుడు ఇట్లు మంచు కట్టును. ఓడను రేవులోనికి తెచ్చుటకు ఆ కాలువ యొక్క లోతుపాతు లెరిగిన స్థానికపు పైలటు ఎక్కవలెను. దారి కానరానప్పుడు ఓడలను కదలనీయరు. ఉదయము రావలసిన మా ఓడ సముద్రములోనే ఆగిపోయినదని అల్లునికి ఫోనులో కబురు వచ్చెను.

ఇచట మన చదువరులు గమనింపవలసిన దొకటి యున్నది. ఓడ రేవు చేరినంతనే కొత్తవారిని ఎక్కింపరు. పాతవారందరు దిగవలెను, లెక్క సరిపోవలెను, అధికారులు ఒప్పుకొనవలెను. అటుపిమ్మటనే తలుపు తెరచుట. కనుక ముందు వరుస యనగా తెరచిన తలుపులో ముందుగా పోవుటయే గాని, తలుపును ముందుగా తెరపించుట కాదు. ఆ నూరు డాలర్లకు మంచు కరగదు.

హోటలు గది పదకొండు గంటలకు ఖాళీ చేయవలెను గనుక, ఇంక పోవు చోటు లేక పండ్రెండు గంటలకు రేవుభవనము చేరితిమి. పెద్ద పెట్టెలను కూలీలకిచ్చితిమి. మందులు, పాసుపోర్టులు, ఒక మార్పు బట్టలు చేతిసంచిలో ఉంచుకొనుడని అమ్మాయి మాటిమాటికి చెప్పినది. అది మంచి మాట, ఏలయన పెట్టెలు గదికి చేరుసరికి రాత్రియైనది. సున్నుండల డబ్బాను మాత్రము కారులోనే విడువవలసి వచ్చెను. ఇంట వండినవి తేరాదని మా ఓడవారి నియమము. ఆ డబ్బా ఏడు దినములు ఆ కారులోనే ఉండెను. తిరిగి వచ్చి చూడగా చెడలేదు సుమా.

లోపలికి పోగానే మా కష్టము మొదలైనది. గుమ్మము దగ్గర నిలిచిన చిన్నవాడు మా చీటి చూచి, నన్నును అత్తగారిని కుడివైపునకు పొమ్మనెను. అమ్మాయి వారికి ఆ చీటి లేదు గనుక ఎడమవైపునకు చూపెను. మనుమరాలు తాతమ్మ కొంగు పట్టుకొని విడువదు. "ఇదేం ముందు వరుసే, పిల్లని వదిలి పొమ్మంటోంది?" అని అత్తగారు. అల్లుడు దానిని ఎత్తుకొని పోవుచుండగా అది భుజముమీదుగా మావైపు చేతులు చాచి ఏడ్చినది. మేము ముందు వరుసవారము గనుక ఆ ఏడ్పును వెనుక విడిచి ముందునకు నడచితిమి.

మా వైపున పరీక్ష త్వరగానే ముగిసినది, అది ఒప్పుకొనవలెను. కాని లోపలి సావడిలో మా వంటి చీటివారే రెండువందలమంది వరకు కనబడిరి. పెద్ద గదులు తీసుకొన్నవారు, ఆ కంపెనీ ఓడలలో పలుమార్లు తిరిగినవారు, వీరందరికి సొమ్ము చెల్లింపకయే ఆ హక్కు కలదు. గాల్వెస్టనువంటి రేవులో ఏటేట వచ్చు చుట్టుప్రక్కల వారెక్కువ. ముందు వరుసవారు ఎక్కువైనప్పుడు అదియు వరుసయే గదా! కుర్చీలన్నియు నిండియుండెను. అత్తగారు నా భుజముపై చేయి వేసి నిలుచుండిరి. ఆ చేయి క్షణక్షణమునకు బరువెక్కుచున్నట్లు నాకు తెలియుచునే యున్నది. నేనేమియు అనలేదు, ఆమెయు అనలేదు. పావుగంట గడచిన పిదప ఒక పడుచువాడు లేచి తన కుర్చీ నిచ్చెను.

కూర్చుండి ఊపిరి పీల్చుకొని అత్తగారు తమ తల్లిగారి ముచ్చట చెప్పిరి. ఆమె పెండ్లియైన కొత్తలో, 1942లో జపానువారు రంగూనును పట్టుకొనుటకు ఏండ్ల ముందు, కాకినాడనుండి రంగూనునకు పొగయోడలో పోయెనట. గది టిక్కెట్టు కొను తాహతు లేక పై తట్టుమీద ప్రయాణము. నిచ్చెన దింపగానే ఆమె మరిది చాప చంకనబెట్టుకొని అందరికంటె ముందు పరుగెత్తి నీడపట్టున చాప పరచెడివాడట. ఆ చాప పరచినంత మేరయే రంగూను చేరువరకు వారి యిల్లు. ఆలస్యమైనవారికి ఎండయో, యంత్రపు వేడియో, కాలువ ప్రక్కనో దక్కును. "అమ్మకి ముందు ఎక్కడమంటే అదీ. మనకి గది ఉంది, మంచం ఉంది, దానికి నంబరు కూడా ఉంది. ఇంక మనమెందుకే పరిగెత్తడం?" అనిరి. నేనంతకుముందు ఆ విధముగ ఆలోచింపలేదు.

రెండు గంటలకు మంచు విడిచి ఓడ వచ్చెను. మూడు దాటినను పిలుపు లేదు. అప్పుడు నీలిరంగు చొక్కా తొడిగిన ఒక యమెరికా స్త్రీ, అరువది దాటినదే, చక్రముల కుర్చీ నొకదానిని తోసికొనుచు మా ముందు నిలిచి, కావలెనా యని సైగ చేసినది. నేను అత్తగారి ముఖము చూచితిని. ఆమె ఆ స్త్రీ చేతులవైపు చూచుచుండిరి. "నా కూతురంత వయసు. ఆవిడ తోస్తే నేను కూర్చోనా? అలిసిపోదా, అడుగు" అనిరి. నేనడిగితిని. ఆమె నవ్వి, బరువు మోయునది చక్రములేగాని తాను కాదనియు, కూర్చుండిన తనకు కూడ ఈ సావడినుండి బయటపడు భాగ్యము కలుగుననియు చెప్పినది. ఆ మాట తెలుగున చెప్పగా అత్తగారు ఒక్క నిమిషము ఊరకుండి, కర్ర నా చేతికిచ్చి కుర్చీలో కూర్చుండిరి.

కుర్చీలవారిని ఓడలోనికి అందరికంటె ముందు పంపిరి. నూరు డాలర్ల చీటివారికంటెను ముందు. దానికి ఒక్క డాలరైన పుచ్చుకొనలేదు. అంతేకాదు, ఆ స్త్రీ మీ వారెందరని యడిగి, ఎడమవైపు సావడికి పోయి అమ్మాయి వారిని గూడ పిలుచుకొని వచ్చినది. మనుమరాలు పరుగెత్తుకొని వచ్చి తాతమ్మ ఒడిలో ఎక్కినది. ఇద్దరినొక్క కుర్చీలో తోసికొని ఆమె ఆ పొడుగాటి వంతెన నెక్కెను. నేను వెనుక కర్ర పట్టుకొని నడచితిని.

చీటివలన ఎక్కగనే గది దొరకవలెను గదా! అది ఆ దినమున కుదరలేదు. పాతవారు దిగుట ఆలస్యమైనందున గదులు తుడువలేదు. అయిదు గంటల వరకు పై అంతస్తు భోజనశాలలో కూర్చుంటిమి. బెలీజులో ఓడ ఒడ్డునకు కొన్ని మైళ్ల దూరమున ఆగును, చిన్న పడవలలో దిగవలెను. అచట ఆ చీటి మంచి పనికి వచ్చునని విన్నాను. అత్తగారు దిగనన్నందున నేనును దిగలేదు. ఓడవారి వద్దనే ఊరు చూచుటకు టిక్కెట్టు కొన్నవారిని ఎట్లును వారి పడవలలో ముందుగా దింపుచునే యుండిరి. తిరిగి గాల్వెస్టనులో దిగునప్పుడు తమ పెట్టెలు తామే మోసికొనువారిని సొమ్ము లేకయే మొదట పంపిరి.

కనుక నన్నడిగినవారికి నేను చెప్పునదేమనగా: ఆకాశము నిర్మలముగ నుండి, ఓడ వేళకు వచ్చిన దినమున, మధ్యాహ్నమే గదిలో నడుము వాల్చుట అవసరమైన ముసలివారికిని, చంటిబిడ్డ తల్లికిని ఆ సొమ్ము వృథా కాదు. కాని గది వెల కలదు, వరుసకు వెల కాదు. కొనినయెడల కుటుంబమంతటికి కొనవలెను, లేదా ఎవ్వరికిని కొనరాదు. వరుస మాత్రమే కావలసినవారు, ఓడవారు కంప్యూటరులో వేళలను తెరచిన దినముననే తొలి వేళను ఎంచుకొనిన చాలును. దానికి రుసుము లేదు. మోకాళ్ల నొప్పి గలవారున్న యెడల టిక్కెట్టు కొనునప్పుడే కుర్చీ కావలెనని వ్రాయింపవలెను. అది అడుగుటకు మన పెద్దవారికి మనసొప్పదు. మా అమ్మాయి నూరు డాలర్లు వెచ్చించినది ఆ మొగమాటమును కాపాడుటకే; అది తెలిసియే నేనును ఊరకుంటిని. ముందే నేను కూర్చుండి ఆమెతో ఒక మాట చెప్పియుండిన సరిపోయెడిది. చెప్పలేదు.

ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణము. హ్యూస్టను విమానాశ్రయమున కారు దిగి, నేను పెట్టెలు లెక్కించుచుండగా, అత్తగారు కర్రను నా చేతిలో పెట్టి నలువైపుల చూచి, "అమ్మాయీ, మన కుర్చీ ఏదీ?" అనిరి.