యంత్రం అలక

కలకత్తాలో తొలకరి కురియగానే తండ్రి విడిచిపోయిన బులెట్ మొరాయించినది. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు నుండి వచ్చిన బండి అది. అక్కడ బులెట్ల కూర్పు 1956లో ఆరంభమైనది. పొరుగువారు అమ్మివేయుమన్నారు. కొడుకు మాత్రం పానా చేతబట్టి బండి ముందు కూర్చున్నాడు.

సుబోధ్ ఘోష్ కథను ఋత్విక్ ఘటక్ 1958లో ‘అజాంత్రిక్’ అను చలనచిత్రంగా తీసినాడు. అందులో బిమల్ తన పాత కారుకు ప్రాణమున్నదని నమ్ముతాడు. ఈ కొడుకు కూడ బండి తనపై అలిగినదనుకొన్నాడు. మూత విప్పి చూడగా, నిప్పురవ్వను పుట్టించే పాయింట్లు మసిబారి ఉన్నవి. వాటి నడుమ ఎడము అర మిల్లీమీటరైనా ఉండనక్కరలేదు. ఆ కొంచెమూ పూడిపోయినది. ఏడాదిగా అతడు ఆ మూత విప్పనేలేదు. అలక యంత్రానిది కాదు, అశ్రద్ధ తనది.

పాయింట్ల కొరకు మల్లిక్ బజారుకు పోయినాడు. విప్పిన బండ్ల భాగాలు అక్కడ గుట్టలుగా పడి ఉన్నవి. కావలసినది మరొక బులెట్ నుండి ఊడదీసి ఇచ్చినారు. అదీ ఒకనాడు ఎవరి తండ్రిదో!

సంధ్యవేళకు ఇంజను పలికినది. తండ్రి ప్రతి ఆదివారమూ ఆ బండి చెంత మౌనంగా ఏమి చేసెడివాడో, నూనె అంటిన కొడుకు చేతులకు అప్పుడు తెలిసినది.