తెర యెదుట నిద్ర

కథ వినుచు నిద్రించినవారిలో సుభద్ర ప్రసిద్ధురాలు. ఆమె గర్భవతిగా నున్నప్పుడు పద్మవ్యూహమున ప్రవేశించు విధమును ఆమెకు కథగా చెప్పుచుండిరట. వినుచు వినుచునే ఆమె కన్నులు మూతపడినవి. కడుపులోని శిశువు మాత్రము "ఊ" కొట్టుచుండెను. తల్లి నిద్రించినదని గ్రహించి కథ నంతటితో ఆపివేసిరి. అందువలననే అభిమన్యునకు వ్యూహమున చొచ్చుట తెలిసినదే కాని వెలువడుట తెలియలేదని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. ఇది జనశ్రుతి. గర్భభారమున అలసిన యిల్లాలు నిద్రించుట తప్పని ఆ కథ యెక్కడను చెప్పదు.

అయితే నాటకము చూచుచునో, చలనచిత్రము చూచుచునో నిద్రించువానిని చూచి మాత్రము లోకము నవ్వును. "డబ్బిచ్చి నిద్ర కొనుక్కొన్నాడు" అని పరిహసించును. ఆ నవ్వు ఎంతవరకు న్యాయమో కొంచెము విచారించి చూడవలెను.

శ్రీకాకుళము, విజయనగరము సీమలలో రాత్రి ప్రదర్శనములు చాలకాలమునుండి వాడుకలో నున్నవి. పంటలు ఇంటికి చేరిన పిమ్మట, గ్రామదేవతల సంబరములలో, తూర్పు భాగవతము ఆడించుట ఇక్కడి ఆచారము. మద్దెల మ్రోగుచుండగా సత్యభామ జడ వేసికొని తెర వెడలి వచ్చుసరికి రాత్రి చాల గడచును. ఆమె అలక తీరుసరికి తూర్పు తెల్లవారును. జముకు వాయించుచు కథ చెప్పువారును రాత్రులు రాత్రులే కథ నడపెడివారు. హరికథా పితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) ఈ సీమలోని అజ్జాడ గ్రామమున జన్మించినవారే. 1919లో విజయనగరమున స్థాపింపబడిన సంగీత పాఠశాలకు వారు తొలి అధ్యక్షులు.

ఇట్టి ప్రదర్శనములకు జనులు చాపలు, దుప్పట్లు, చంటిపిల్లలతో సహా వచ్చెడివారు. నడుమ నిద్ర వచ్చునని ఆడువారికిని తెలియును, చూచువారికిని తెలియును. కనుకనే హరికథకుడు కథను కొంతసేపు ఆపి నవ్వు పుట్టించు పిట్టకథ చెప్పును. బుర్రకథలో వంతలవారిలో నొకడు హాస్యమునకే నియమింపబడియుండును. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుమ కేతిగాడును బంగారక్కయు దూకి వచ్చి కలహించుకొందురు. కునుకుచున్నవారు ఆ నవ్వులకు ఉలికిపడి లేతురు. ముఖ్యమైన ఘట్టము వచ్చినప్పుడు ప్రక్కవారు తట్టి లేపుదురు. నాడు ఆట చూచుట యనగా రెప్పవాల్పక చూచుట కాదు. కొంత చూచుట, కొంత నిద్రించుట, మరల లేచి చూచుట. కథ అందరికిని ముందే తెలిసినది కావున నష్టమేమియు లేదు.

1932లో తొలి తెలుగు వాక్చిత్రము "భక్త ప్రహ్లాద" వెలువడెను. తరువాత పట్టణములలో సినిమా హాళ్లు లేచినవి. పల్లెలకు మాత్రము చలనచిత్రము డేరాలో వచ్చినది. వానిని టూరింగ్ టాకీసులనెడివారు. వానలు వెనుకబడగానే ఊరి వెలుపలి బయలున గుంజలు పాతి, గుడారము వేసి, తెర కట్టెడివారు. వెనుక కుర్చీలు, నడుమ బెంచీలు, తెర ముందు ఇసుక పరచిన నేల. నేల టిక్కెట్టు అన్నిటికంటె చవుక. మెత్తని ఆ ఇసుకలో కాళ్లు చాచుకొని కూర్చుండుటకు పల్లెజనము ఎక్కువ ఇష్టపడెడివారు. రెండవ ఆట విడుచుసరికి అర్ధరాత్రి దాటెడిది.

చిత్రము చూపు యంత్రములో సెకనునకు 24 బొమ్మలు కదలిపోవును. నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము తిరుగును. మూడు గంటల చిత్రమునకు 16,000 అడుగులకు పైగా ఫిల్ము, 2,59,200 బొమ్మలు కావలెను. ఒక బొమ్మ పోయి మరియొక బొమ్మ వచ్చునంతలో యంత్రములోని రేకు వెలుగునకు అడ్డుపడును. ఆ క్షణమున తెర చీకటియే. అనగా కన్నులు విప్పి శ్రద్ధగా చూచువాడు సైతము మూడు గంటలలో చాలసేపు చీకటినే చూచుచున్నాడు. ఆ సంగతి వానికి తెలియదు. డేరాలో సాధారణముగా యంత్రము ఒక్కటే యుండుటచే, రీలు ముగిసినప్పుడెల్ల ఆట ఆగి దీపము వెలిగెడిది. ఆ వెలుతురులో ఎవరు మేలుకొన్నారో, ఎవరు నిద్రించుచున్నారో బయటపడెడిది.

విద్యార్థులారా! ఆ కాలపు పల్లె కుటుంబము నొకదానిని మనస్సున చిత్రించుకొనుడు. నాగావళి యొడ్డున నొక చిన్న ఊరు. తండ్రికి గోగునార పని. ఈ రెండు జిల్లాలలో గోగు పంట అప్పుడు ప్రసిద్ధముగా నుండెడిది. కోసిన గోగు కట్టలను చెరువులో నానవేయుదురు. అవి మురిగిన పిమ్మట నడుములోతు నీటిలో నిలుచుండి, కఱ్ఱనుండి నారను ఒలిచి, జాడించి, గట్టున ఆరవేయుదురు. చలికాలపు నీరు, మురుగు వాసన, ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు వంగిన నడుము. ఆ పని చేసినవాని అరచేతులు సాయంకాలమునకు తెల్లబడి ముడుతలు పడును.

ప్రక్క ఊరి డేరాలోనికి 1957లో వెలువడిన "మాయాబజార్" వచ్చినది. పండ్రెండేండ్ల కుమారుడు వారము దినములనుండి తండ్రి వెంటబడెను. ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు విజయనగరము సంగీత పాఠశాలలో చదివినవారని బడిలో ఉపాధ్యాయుడు చెప్పినప్పటినుండి వాని ఉత్సాహము మరింత హెచ్చినది. తుదకు నార అమ్మిన డబ్బు చేతికి వచ్చిన దినమున తండ్రి సరే యనెను. ఇద్దరును కోసెడు దూరము నడచి వెళ్లి, నేల టిక్కెట్టు కొని, దుప్పటి కప్పుకొని కూర్చుండిరి.

మొదటి రీలు ముగిసి దీపము వెలుగునప్పటికే తండ్రి తల వాలిపోయెను. పిల్లవాడు మోచేతితో పొడిచెను. తండ్రి లేచి, "చూచుచునే యున్నాను" అని, మరల కన్నులు మూసెను. ఘటోత్కచుడు పెండ్లివిందు నంతయు తానొక్కడే ఆరగించు ఘట్టమున డేరా అంతయు నవ్వులతో కదలిపోయెను. తండ్రి కదలలేదు. ప్రక్కనున్న బాలురు ఆతనిని చూపి, "ఘటోత్కచునికంటె మీ అయ్య కుంభకర్ణుడే గొప్ప" అని నవ్విరి. పిల్లవానికి తల కొట్టివేసినట్లయ్యెను. ఆట విడిచిన తరువాత వాడు వంగి, మెల్లగా, "అయ్యా" అనెను. అంత నవ్వునకు, అంత పాటకు మేలుకొనని తండ్రి ఆ చిన్న పిలుపునకు చటుక్కున లేచి, "చలి వేయుచున్నదా?" అని దుప్పటి వాని భుజముల చుట్టు కప్పెను.

మరునాడు పిల్లవాడు తల్లితో, "అయ్యను ఇక సినిమాకు తీసికొని పోను. అందరును నవ్విరి" అనెను. తల్లి పొయ్యి ఊదుట ఆపి, "నాయనా, నీవు అయ్యను తీసికొని పోయితివా, అయ్య నిన్ను తీసికొని పోయెనా? ఒకసారి చెరువుకడకు పోయి చూచి రా" అనెను. వాడు పోయెను. అప్పటికే తండ్రి నడుములోతు నీటిలో నిలుచుండి నార ఒలుచుచుండెను. రాత్రి ఇల్లు చేరి పండుకొన్నది ఎప్పుడో, తెల్లవారకమునుపు లేచి వచ్చినది ఎప్పుడో! పిల్లవాడు గట్టున చాలసేపు నిలుచుండెను. డేరాలో ఎవరు నవ్విరో, ఎందుకు నవ్విరో వానికి జ్ఞప్తికి రాలేదు. ఆ తెల్లబడిన చేతులే కనబడుచుండెను.

నిద్ర ఎందుకు వచ్చునో శాస్త్రజ్ఞులు కొంతవరకు కనుగొన్నారు. మనము మేలుకొని యున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము చేరుచుండును. అది పెరిగినకొలది నిద్ర ఒత్తిడి పెరుగును. కాఫీ ఆ పదార్థము పనిని కొంతసేపు అడ్డగించును కాని దానిని తీసివేయలేదు. ఇది గాక శరీరములో ఒక గడియారము కలదు. అది రాత్రి వేళకు శరీరపు వేడిని తగ్గించి, చీకటి పడగానే మెలటోనిన్ అను మరియొక పదార్థమును విడుదల చేయించును. ఈ గడియారము కణములలో నడచు విధమును ఈగలయందు పరిశోధించి కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించినది. పగలంతయు శ్రమించినవాడు, రాత్రివేళ, చీకటిలో, మెత్తని ఇసుకపై, కదలక కూర్చుండినచో నిద్ర రాకుండునా? అది చిత్రము చెడ్డదగుటచే కాదు, చూచువాడు మోటువాడగుటచేతను కాదు. పగటి శ్రమ రాత్రి తన బాకీని వసూలు చేసికొనుచున్నది.

నిద్రించువాడు పూర్తిగా లోకమునకు దూరమైనవాడును కాడు. నిద్రించుచున్న వారికి అనేకుల పేర్లు వినిపించి చూడగా, వారు తమ పేరు వచ్చినప్పుడు ఎక్కువగా స్పందించిరని బ్రిటన్ దేశమున జరిపిన పరిశోధనము 1960లో ప్రకటింపబడినది. ఉరుమునకు లేవని తల్లి చంటిబిడ్డ మూలుగునకు లేచుట మన ఇండ్లలో ఎల్లరును ఎరిగినదే. చెవి వినుచునే యుండును. ఏది తనకు ముఖ్యమో మనస్సు ఎంచుకొనును. ఆ తండ్రికి ఘటోత్కచుని గర్జన ముఖ్యము కాలేదు. కుమారుని పిలుపు ముఖ్యమైనది.

నిద్ర ఎచ్చటనైనను తగునని దీని భావము కాదు. బండి నడుపువాడు, కావలి కాయువాడు నిద్రించినచో ఇతరుల ప్రాణములకే ముప్పు. అట్టివాడు నిద్రతో పెనుగులాడుట గాక, బండిని ఆపి నిద్రించి, పిమ్మట బయలుదేరవలెను. నిద్రను మోసగించి గెలిచినవాడు లేడు.

నేడు ఆ డేరాలు కానరావు. తెర ఇంటిలోనికి, ఇంటినుండి అరచేతిలోనికి వచ్చినది. నాడు రీలు ముగిసినచో దీపము వెలిగెడిది. ఆట ముగిసినచో జనము ఇండ్లకు పోయెడివారు. నేటి చేతితెరపై ఒక కథ ముగియగానే మరియొకటి తనంతట తానే మొదలగును. దీపము వెలిగించువాడు లేడు, ఇంటికి పొమ్మనువాడు లేడు. నాడు నిద్ర చిత్రమును జయించెడిది. నేడు చిత్రము నిద్రను జయించుచున్నది. 13 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు గల వారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. పగలు చదివినది మనస్సున నిలుచుటకు ఆ నిద్ర తోడ్పడును. తెర యెదుట నిద్రించిన ఆ నాటి తండ్రి ఒక చిత్రమును మాత్రమే పోగొట్టుకొనెను. తెరకొరకు నిద్రను విడిచిన నేటి బాలుడు మరునాటి పాఠమునే పోగొట్టుకొనును.

చెరువుగట్టునుండి మరలి వచ్చిన పిల్లవాడు ఆ రాత్రి ఏమి చేసెనో చెప్పవలసియున్నది. భోజనములైన పిమ్మట తండ్రి అరుగుమీద మేను వాల్చగా వాడు ప్రక్కన కూర్చుండి, "అయ్యా, నిన్నటి కథ చెప్పుదునా?" అని అడిగెను. తండ్రి సంతోషముతో తల ఊపెను. వాడు శశిరేఖా అభిమన్యుల బాల్యమునుండి మొదలుపెట్టెను. తండ్రి "ఊ" కొట్టుచుండెను. కొంతసేపటికి "ఊ" వినబడలేదు. పిల్లవాడు నవ్వలేదు, మోచేతితో పొడువలేదు. కథను అక్కడనే ఆపి, దుప్పటి తెచ్చి తండ్రికి కప్పి, తానును ప్రక్కన పండుకొనెను. మరునాటి రాత్రి ఆపినచోటినుండి మరల చెప్పెను.

ఆ చిత్రము డేరాలో మూడు గంటలలో ముగిసినది. ఆ యింటి అరుగుమీద మాత్రము అయిదు రాత్రులు నడచినది.