రీస్టార్ట్ కొడితే పనిచేస్తోంది కదా!

మా టీములో ఒక పాత జోకుంది. సర్వర్ ఆగిపోతే ముందు రీస్టార్ట్ కొట్టు, కారణం సోమవారం చూద్దాం అని. ఆ సోమవారం ఎప్పటికీ రాదనుకోండి. నా ఊపిరితిత్తుల విషయంలో దాదాపు రెండేళ్ళు నేను చేసిందీ అదే.

మొదలైంది దగ్గుతో. పగలంతా బానే ఉండేది. రాత్రి మూడింటికి మాత్రం అలారం పెట్టినట్టు మెలకువ, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. పొద్దున్న పదకొండింటికి డాక్టరు దగ్గరికెళ్తే స్టెతస్కోపు పెట్టి "చెస్ట్ క్లియర్" అనేవారు. మన భాషలో "కెనాట్ రీప్రొడ్యూస్" అన్నమాట! యాంటీబయాటిక్, దగ్గు సిరప్ రాసి పంపేవారు. అలా మూడు కోర్సులయ్యాక ఇంకో డాక్టరు సాల్బుటమాల్ ఇన్హేలర్ ఇచ్చి, ఆయాసం వచ్చినప్పుడు రెండుసార్లు పీల్చమన్నారు.

ఐదు నిమిషాల్లో ఊపిరాడింది. అంతే, మళ్ళీ ఆయన మొహం చూస్తే ఒట్టు. అయిపోగానే మెడికల్ షాపులో ఇంకోటి కొనేవాణ్ణి. ఆఫీసులో బాత్రూములోకెళ్ళి పీల్చేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు. సంబంధాలు చూస్తున్న రోజులు మరి. మా వైపు పెళ్ళిచూపుల టైములో ఉబ్బసం అన్న మాట నోటంట రాకూడదు.

బండారం భోగి రోజున బయటపడింది. మా ఊరు తణుకు దగ్గర. తెల్లవారుజామున మంచులో, వీధి మధ్యలో భోగిమంట. నేనే హుషారుగా పాత తాటాకులు తెచ్చి వేశాను. పది నిమిషాల్లో మాట పూర్తి చేయలేని పరిస్థితి. ఇన్హేలర్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం లేదు. నాన్నగారు బండి తీశారు, పక్కింటాయన వెనక కూర్చుని నన్ను పట్టుకున్నాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్, ఇంజెక్షన్. కాస్త తేరుకుని చూస్తే మంచం కమ్మీ పట్టుకున్న నాన్నగారి చేతులు వణుకుతున్నాయి. భయం అనుకున్నాను.

హైదరాబాద్ వచ్చాక పల్మనాలజిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న, "నెలకెన్ని ఇన్హేలర్లు?" "ఒకటి సార్" అన్నాను, పొదుపుగా వాడుతున్నట్టు. ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఒక్కోదాంట్లో 200 డోసులుంటాయి. ఏడాదికి మూడుకి చేరితేనే పెద్ద ఎటాక్ వచ్చే అవకాశం పెరుగుతుందట, పన్నెండుకి చేరితే ప్రాణానికే ముప్పు పెరుగుతుందట. ఆ రాత్రి కూర్చుని చదివాను. బ్రిటన్‌లో ఆస్తమా మరణాల మీద 2014లో ఒక సమీక్ష వచ్చింది. 195 మరణాలు పరిశీలించారు. చివరి ఏడాదిలో ఎన్ని రిలీవర్ ఇన్హేలర్లు రాశారో తెలిసిన 165 మందిలో, 65 మందికి పన్నెండు కంటే ఎక్కువే రాశారు. నేను సరిగ్గా గుమ్మం మీద ఉన్నాను.

విషయమేంటంటే, ఆస్తమాలో అసలు సమస్య శ్వాసనాళాల లోపలి వాపు. ఆ వాపు వల్ల పొగ, చల్లగాలి, దుమ్ము, జలుబు, దేనికైనా నాళాలు బిగుసుకుంటాయి. సాల్బుటమాల్ ఆ బిగుతుని కాసేపు వదులు చేస్తుంది. వాపు జోలికి పోదు. రీస్టార్ట్ అంటే ఇదే కదా! వాపుని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అందుకే ఆస్తమా మార్గదర్శకాలు రాసే 'జీనా' అనే అంతర్జాతీయ సంస్థ 2019 నుంచీ, పెద్దవాళ్ళకి ఉత్త సాల్బుటమాల్‌తో వైద్యం వద్దంటోంది.

ముందు అసలు ఆస్తమాయేనా అని తేల్చాలి. స్పైరోమెట్రీ చేశారు. గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున ఊదాలి. మొదటి సెకన్లో నేను ఊదింది 2.5 లీటర్లు. సాల్బుటమాల్ ఇచ్చి, పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తే 3 లీటర్లు. అంటే 20 శాతం పెరిగింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటితే ఆస్తమాకి గట్టి ఆధారమట. ఒకరోజు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన లేదని కాదు, ఎందుకంటే ఇది వచ్చిపోయే జబ్బు. అలాంటప్పుడు పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఊది రాసుకోమంటారు. రీప్రొడ్యూస్ కాని బగ్‌కి మనం లాగ్స్ పెట్టమూ? అదే.

నాకు బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్హేలర్ రాశారు. రోజూ అదే, ఆయాసం వచ్చినా అదే. పీల్చి చూపించమంటే నా రెండేళ్ళ అనుభవం గాల్లో కలిసిపోయింది. నొక్కేది ఒకప్పుడు, పీల్చేది ఇంకొకప్పుడు. సగం మందు నాలిక మీదే! స్పేసర్ పెట్టి నేర్పించారు. పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో ఫంగస్ పట్టొచ్చు.

ఇక ఇంట్లో. "స్టెరాయిడా? అలవాటైపోతుంది నాన్నా" అని అమ్మ. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కెళ్ళి చేప ప్రసాదం మింగి రమ్మని పిన్ని. అమ్మకి చెప్పాను, ఇది మైక్రోగ్రాముల్లో నేరుగా నాళాల్లోకి వెళ్తుందని, మాత్రలో అయితే మందు ఒళ్ళంతా తిరగాలని.

నాన్నగారు అప్పటిదాకా పేపర్ చదువుతున్నారు. లేచి వెళ్ళి ఒక మాత్రల పట్టీ తెచ్చి నా ముందు పెట్టారు. ఊళ్ళో ఆరెంపీ ఇచ్చినవి, ఏళ్ళ తరబడి వాడుతున్నారట. మా ఎవరికీ తెలీదు. సాల్బుటమాల్, 4 మిల్లీగ్రాములు. ఇన్హేలర్‌లో ఒక డోసు 100 మైక్రోగ్రాములు. నలభై రెట్లు! చేతులు వణకడం, గుండె దడ దీని లక్షణాలే. ఆ రోజు ఆస్పత్రిలో వణికింది భయంతోనే కాదేమో.

దాచడం నేనెక్కడ నేర్చుకున్నానో అప్పుడర్థమైంది.

"అరేయ్, ఆ ఊదే టెస్టు నాకూ చేస్తారా?" అన్నారు. వచ్చే శనివారం తీసుకెళ్తున్నాను. ఆస్తమాయో, ఇంకేదో, డాక్టరే తేలుస్తారు.

నేను డాక్టర్ని కాదు, మందులు మీ డాక్టర్‌నే అడగండి. కానీ మీ లాప్‌టాప్ బ్యాగు సైడు జేబులో ఒక ఇన్హేలర్ ఉంటే, ఈ ఏడాదిలో అది ఎన్నోదో ఒక్కసారి లెక్కపెట్టండి. మూడోదైతే, సోమవారం దాకా ఆగకండి.